‘ది డిష్’: కరెంటు పోలేదు, గాలి మాత్రం నిజమే

మీరు మూడు విషయాలు అడిగారు. ‘ది డిష్’ సినిమాలో చూపించినట్టు అపోలో 11 సమయంలో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్ కేంద్రంలో నిజంగా కరెంటు పోయిందా? చంద్రుడి మీద మొదటి అడుగు దృశ్యం అక్కణ్ణించే ప్రపంచానికి అందిందా? తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి చూపిస్తే తప్పుడు చరిత్ర తలకెక్కుతుందా? ముందు పొట్టి జవాబులు: కరెంటు పోలేదు. మొదటి అడుగు పార్క్స్ నుంచి రాలేదు, కానీ ఆ తర్వాత రెండు గంటలకు పైగా బొమ్మ అక్కణ్ణించే వచ్చింది. అబ్బాయికి తప్పకుండా చూపించండి.

నేను ఉపగ్రహ భూకేంద్రాల్లో పెద్ద యాంటెన్నాల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. మా వృత్తివాళ్ళలో ఈ సినిమా పేరెత్తితే నవ్వనివాళ్ళు ఉండరు, ఆ వెంటనే ‘కానీ ఆ కరెంటు సీను ఉంది చూశారూ...’ అని మొదలుపెట్టనివాళ్ళూ ఉండరు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది 2000లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా. దర్శకుడు రాబ్ సిచ్. సిడ్నీకి పడమర దిక్కున దాదాపు 350 కిలోమీటర్లు వెళితే పార్క్స్ అనే ఊరు వస్తుంది. ఊరి బయట గొర్రెలు మేసే బీళ్ళ మధ్య 64 మీటర్ల వ్యాసం ఉన్న గిన్నె ఆకారపు రేడియో టెలిస్కోప్ ఉంటుంది. డిష్ అంటే అదే. 1969 జులైలో దాన్ని నడిపే ముగ్గురు ఆస్ట్రేలియన్లు, వాళ్ళ నెత్తిన వచ్చి కూర్చున్న ఒక నాసా మనిషి, తన ఊరి పేరు ప్రపంచమంతా మోగబోతోందని పొంగిపోయే మేయరు, ఆ గొప్పలో వాటా కోసం వచ్చే ప్రధానమంత్రి, అమెరికా రాయబారి. కథంతా వీళ్ళే. పైప్ తాగే పెద్దాయన క్లిఫ్ బక్స్‌టన్‌గా శామ్ నీల్ వేశాడు. రాయబారికి స్వాగతం పలికే సభలో ఊరి బ్యాండు అమెరికా జాతీయగీతం బదులు ఒక టీవీ సీరియల్ ట్యూను వాయించే సీను ఒక్కటి చాలు, టికెట్ డబ్బులు గిట్టుబాటు అవుతాయి. అది కల్పితమే. అయినా రాయబారి ముఖంలో భావం మాత్రం ప్రతి ప్రభుత్వ సభలోనూ కనబడేదే.

ఇక కరెంటు సంగతి. సినిమాలో రాత్రిపూట కరెంటు పోతుంది. జెనరేటర్‌కి డీజిలు సరిగ్గా అందక అది అందుకోదు. కంప్యూటర్‌లోని లెక్కలన్నీ చెరిగిపోయి అపోలో 11 ఎక్కడుందో వీళ్ళకు తెలియకుండా పోతుంది. అప్పుడు అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న నాసా కంట్రోల్ కేంద్రానికి అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పి, రాత్రంతా కాగితాల మీద లెక్కలు వేస్తూ కూర్చుంటారు. నాసా మనిషి కూడా ఆ అబద్ధంలో చేరిపోతాడు. సినిమాకి అది గుండెకాయ. చరిత్రలో మాత్రం జరగలేదు.

జరగలేదు అనడం వేరు, జరగడానికి వీల్లేదు అనడం వేరు. నేను రెండోది కూడా అంటాను. జెనరేటర్ అందుకోకపోవడం ఎక్కడైనా జరిగేదే. మా స్టేషన్లలో దాన్ని వారానికోసారి ఊరికే తిప్పి చూసేది అందుకే. డీజిలు లైన్లో గాలి చేరితే ఎంత మంచి ఇంజనైనా మొండికేస్తుంది. అంతవరకు సినిమావాళ్ళు మా మనిషి ఎవరినో పక్కన కూచోబెట్టుకుని రాసినట్టే ఉంది. నమ్మలేనిది అబద్ధం సంగతి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నాసా ఏ ఒక్క డిష్ మీదా ఆధారపడదు. కాలిఫోర్నియాలో గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర ఒకటి, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గర హనీసకిల్ క్రీక్, ఇవి ఒకదాని తర్వాత ఒకటి నౌకను అందుకునేలా ఏర్పాటు. పార్క్స్ ఆకాశంలో అపోలో ఉందంటే హనీసకిల్ ఆకాశంలోనూ ఉన్నట్టే. రెండింటి మధ్య దూరం కొన్ని వందల కిలోమీటర్లే. ఒకచోట సిగ్నల్ పడిపోతే పక్క కేంద్రం ద్వారా హ్యూస్టన్‌కి నిమిషాల్లో తెలిసిపోతుంది. మన రిసీవర్ మీద సిగ్నల్ బలం ఎంతుందో చెబుతూ ఉండడం ట్రాకింగ్ పనిలో భాగం. ‘ఆ, దొరికింది, చూస్తున్నాం’ అని నోటిమాట చెప్పి నెట్టుకొచ్చే ఉద్యోగం కాదది.

అసలు సమస్య ఎలా తీరుతుందో గుర్తుంది కదా? లెక్కలన్నీ విఫలమయ్యాక, అపోలో చంద్రుడి దగ్గరకు వెళుతోంది కాబట్టి డిష్‌ని చంద్రుడి వైపు తిప్పితే సరిపోదా అని వాళ్ళకు తడుతుంది. థియేటర్లో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. తర్వాత లెక్క వేశాను. చంద్రుడి మీద దిగే నౌక, అదే లూనార్ మాడ్యూల్, పంపే సిగ్నల్ తరంగదైర్ఘ్యం దాదాపు 13 సెంటీమీటర్లు. 64 మీటర్ల డిష్‌కి ఆ తరంగం దగ్గర బీమ్ వెడల్పు, అంటే డిష్ ఒకేసారి చూడగల ఆకాశపు ముక్క, డిగ్రీలో ఎనిమిదో వంతు చిల్లర వస్తుంది. చంద్రబింబం మన కంటికి అర డిగ్రీ. అంటే బీమ్ చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. కంటితో చూసి గురిపెట్టినా చుట్టుపక్కల కాస్త వెతికితే దొరికే అవకాశం ఉంది. అంచేత ఆ జోకు మరీ పిచ్చిది కాదు. సినిమా మొత్తంలో సాంకేతికంగా నాకు బాగా నచ్చిన కల్పన అదే.

ఇంతకీ ఆ డిష్ ఆకాశాన్ని ఎలా వెంబడిస్తుందో ఎవరూ చెప్పరు, చెప్పుకోవలసిన తెలివి అది. 1961 అక్టోబర్ 31న దాన్ని ప్రారంభించేనాటికి కంప్యూటర్లు ఇప్పటిలా లేవు. నక్షత్రాలు ఆకాశంలో వంకర దారిలో నడుస్తాయి. డిష్‌కేమో పక్కలకు తిరగడం, పైకీ కిందికీ వంగడం, ఈ రెండే తెలుసు. ఆ రెండు కదలికలను ఎప్పటికప్పుడు లెక్కగట్టి కలపాలి. అందుకని డిష్ గుండె భాగంలో ఒక చిన్న పరికరం పెట్టారు. దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది, కాబట్టి ఒకే వేగంతో తిరుగుతూ నక్షత్రాన్ని తేలిగ్గా వెంబడిస్తుంది. దాన్నుంచి వచ్చే వెలుతురు కిరణాన్ని చూసి పెద్ద డిష్ దాని వెంటే నడుస్తుంది. చిన్నది దారి చూపిస్తే పెద్దది బరువు మోస్తుందన్నమాట. ఆ ఊహ ఇచ్చినవాళ్ళలో రెండో ప్రపంచయుద్ధంలో నీటిమీద గెంతుతూ పోయే బాంబు తయారుచేసిన బార్న్స్ వాలిస్ కూడా ఉన్నాడు. పార్క్స్ డిజైన్ నాసాకి ఎంత నచ్చిందంటే, సుదూర అంతరిక్ష నౌకల కోసం కట్టిన తమ 64 మీటర్ల డిష్‌లకు దాన్నే నమూనాగా తీసుకున్నారు.

రెండో ప్రశ్న. ఇక్కడ గంటలు, నిమిషాలు చెప్పకుండా కుదరదు.

లూనార్ మాడ్యూల్ చంద్రుడి మీద దిగింది ఆస్ట్రేలియా తూర్పు తీరపు సమయం ప్రకారం జులై 21 సోమవారం ఉదయం 6:17కి. ముందు వేసుకున్న ప్రణాళిక ప్రకారం ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ దిగగానే కాసేపు పడుకుని, ఆ తర్వాత బయటకు రావాలి. అప్పటికి చంద్రుడు పార్క్స్ నెత్తిమీదకు వచ్చేస్తాడు, ప్రసారం పార్క్స్ చేతిలో ఉంటుంది. కానీ చంద్రుడి మీద దిగినవాడికి నిద్రెలా పడుతుంది? ఆర్మ్‌స్ట్రాంగ్ ఇప్పుడే బయటకు వెళతామన్నాడు. హ్యూస్టన్ సరే అంది. దాంతో పార్క్స్‌వాళ్ళ ఆశ మీద నీళ్ళు పడ్డాయి. ఆ సమయానికి చంద్రుడు గోల్డ్‌స్టోన్‌కి కనబడుతున్నాడు, పార్క్స్‌కి ఇంకా అందలేదు.

పార్క్స్‌కి అందకపోవడానికి కారణం దాని నడుము. ఆ డిష్ నేలకు 30 డిగ్రీల ఎత్తు కంటే కిందికి వంగలేదు. హనీసకిల్‌లో చంద్రోదయం ఉదయం 11:15 ప్రాంతంలోనే అయిపోయింది. అక్కడి 26 మీటర్ల యాంటెన్నా దిగంతం దాకా చూడగలదు. పార్క్స్‌లో మాత్రం చంద్రుడు 30 డిగ్రీల ఎత్తు ఎక్కి, డిష్ ముఖ్య రిసీవర్ గురిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం 1:02 అవుతుంది.

అప్పుడు పార్క్స్‌ని కాపాడింది స్పేస్‌సూట్లు. వాటిని వేసుకోవడం, లోపలి గాలి బయటకు వదిలి తలుపు తియ్యడం, ఇవన్నీ అనుకున్నదానికంటే చాలా ఆలస్యమయ్యాయి. ఆల్డ్రిన్ టీవీ కెమెరా ఆన్ చేసేసరికి మధ్యాహ్నం 12:54. మరో రెండు నిమిషాలకు ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు నేలను తాకింది. పార్క్స్‌వాళ్ళు ముందుచూపుతో ఫోకస్ దగ్గర ముఖ్య రిసీవర్‌కి కాస్త పక్కగా ఇంకో రిసీవర్ పెట్టుకున్నారు. అది డిష్ గురి కంటే కొంచెం కిందికి చూస్తుంది. చంద్రుడు ముందుగా దానికి దొరికాడు. అంటే ఆ మొదటి క్షణాల్లో పార్క్స్‌కి కూడా బొమ్మ వస్తోంది, పూర్తి బలంతో కాదు గానీ.

మరి ప్రపంచం ఎవరి బొమ్మ చూసింది? హ్యూస్టన్ మొదట గోల్డ్‌స్టోన్ బొమ్మ తీసుకుంది. అది తలకిందులుగా ఉంది. కారణం చిన్నదే. లూనార్ మాడ్యూల్ పక్కనున్న అరలో కెమెరాని తలకిందులుగా అమర్చారు. భూమి మీద ఒక స్విచ్ వేసి బొమ్మను తిప్పాలి. స్విచ్ వేశాక బొమ్మ నిలబడింది గానీ, నలుపూ తెలుపూ విడిపోయి మధ్య ఛాయలు పోయాయి. నిచ్చెన మీదున్నది మనిషో నీడో తెలియడం కష్టమైంది. హ్యూస్టన్ రెండు కేంద్రాల మధ్య అటూ ఇటూ మార్చి చూసింది. అడుగు పడే సమయానికి తెరమీద ఉన్నది హనీసకిల్ క్రీక్ బొమ్మ. దాదాపు తొమ్మిది నిమిషాలు గడిచాక, చంద్రుడు పార్క్స్ ముఖ్య రిసీవర్‌లోకి వచ్చాడు. ఒక్కసారిగా బొమ్మ తేటపడింది. హ్యూస్టన్ పార్క్స్‌కి మారింది, ఆ నడక ముగిసేదాకా మళ్ళీ మార్చలేదు. రెండున్నర గంటల నడకలో అరవై కోట్ల మంది చూసినదాంట్లో అధికభాగం పార్క్స్‌దే. కారణం డిష్ సైజు. 64 మీటర్ల డిష్ వైశాల్యం 26 మీటర్ల దానికి ఆరింతలు, పట్టే సిగ్నల్ కూడా అంతే.

సినిమాలో ఈ గజిబిజి ఏదీ లేదు. మొదటి అడుగు కూడా పార్క్స్ ఖాతాలోనే పడిపోతుంది. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. హనీసకిల్‌వాళ్ళకు అసలు పడలేదు, పడకపోవడంలో తప్పు లేదు. వాళ్ళ కష్టానికి ఇంకో కథ ఉంది. మొదటి ఏర్పాటులో లూనార్ మాడ్యూల్‌ని చూసే బాధ్యత కాన్‌బెరా దగ్గరే ఉన్న టిడ్‌బిన్‌బిల్లా కేంద్రానిది. ప్రయాణం మొదలయ్యాక అక్కడ పరికరాల్లో మంటలు రేగాయి. గంటల్లోనే బాగు చేసినా నాసాకి నమ్మకం కుదరక పనులు తారుమారు చేసింది. అలా లూనార్ మాడ్యూల్ హనీసకిల్ చేతికి వచ్చింది. కామెడీ సినిమాకి ఇంతకంటే మంచి మలుపు ఎవరైనా వదులుకుంటారా? వదులుకున్నారు. రెండు కేంద్రాలంటే ఉత్కంఠ సగమవుతుందని భయపడి ఉంటారు. ఇంకో తమాషా ఏమిటంటే, సినిమాలో ప్రధానమంత్రి పార్క్స్ గొప్ప కోసం తాపత్రయపడతాడు. నిజం ప్రధానమంత్రి జాన్ గోర్టన్ ఆ రోజు వెళ్ళింది హనీసకిల్ క్రీక్‌కి.

ఇప్పుడు గాలి దగ్గరకు వస్తాను. సినిమా చివర్లో ఈదురుగాలి వచ్చి డిష్ ఊగిపోవడం చూసి, ఇది కచ్చితంగా సినిమా వాళ్ళు పెట్టిన మసాలా అని చాలామంది అనుకుంటారు. నిజానికి సినిమాలో పూర్తి నిజం ఆ గాలే. నిజంలో ఇంకా ఘోరం.

ఆ సోమవారం మధ్యాహ్నం చంద్రుడి కోసం డిష్‌ని పూర్తిగా కిందికి, 30 డిగ్రీల హద్దు దాకా వంచి పెట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే గాలి తుపాను వచ్చింది. గంటకు 110 కిలోమీటర్లు దాటిన గాలి రెండుసార్లు విసిరికొట్టింది. పెద్ద డిష్‌ల దగ్గర పనిచేసిన ఎవరికైనా ఈ మాట వింటే చెమటలు పడతాయి. డిష్ నిటారుగా ఆకాశంవైపు చూస్తుంటే గాలి దాని అంచు మీదుగా జారిపోతుంది. పక్కకు వంచి ఉంటే గాలివానలో పట్టిన గొడుగే. అందుకే గాలి పెరిగిందంటే మేము చేసే మొదటి పని డిష్‌ని నిటారుగా నిలిపి బ్రేకులు బిగించడం. దాన్ని స్టో చేయడం అంటాం. గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఆనాటి గాలి బలం ఆ డిష్‌కి సురక్షితమని పెట్టుకున్న హద్దుకు పదింతలని లెక్కగట్టారు. దెబ్బకు డిష్ తన పళ్ళచక్రాల మీదకు ధన్‌మని వెనక్కి వచ్చి పడింది. డిష్ కిందున్న టవర్లోనే కంట్రోల్ గది. గోడలు వణికాయి. తలమీద వెయ్యి టన్నుల ఇనుము ఊగుతుంటే ఆ గదిలో కూర్చుని డయళ్ళు చూడడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

స్టో చేస్తే చంద్రుడు పోతాడు. చెయ్యకపోతే డిష్ పోవచ్చు. నిర్ణయం తీసుకోవలసినవాడు కేంద్రం డైరెక్టర్ జాన్ బోల్టన్. ఆయన డిష్‌ని కదల్చలేదు. కాసేపటికి గాలి కొంచెం తగ్గింది, చంద్రుడు గురిలోకి వచ్చాడు. గాలి పూర్తిగా ఆగిపోలేదు, నడక జరిగినంతసేపూ హద్దు దగ్గరే వీస్తూ ఉంది.

మామూలు రోజున మా స్టేషన్లో ఎవరైనా ఇలా చేస్తే మర్నాడు విచారణ కమిటీ వేస్తారు, వెయ్యాలి కూడా. బోల్టన్ చేసింది సరైనదేనా అని మా యువ ఇంజనీర్లు వాదించుకునేవాళ్ళు. నా అభిప్రాయం: ఆ డిష్‌ని పునాది నుంచి ఎరిగిన మనిషి కాబట్టి చెయ్యగలిగాడు. అది ఎక్కడ వణికితే భయపడాలో, ఎక్కడ వణికినా ఫరవాలేదో ఆయనకు తెలుసు. ఇంకెవరైనా అయితే సాహసం అనకూడదు, తెలివితక్కువతనం అనాలి.

సినిమాలో క్లిఫ్ బక్స్‌టన్‌ది బోల్టన్ స్థానమే గానీ మనిషి వేరు. క్లిఫ్ భార్య చనిపోయిన ఏకాకి, మెతక మనిషి. బోల్టన్ భార్య లెటీ అప్పుడు బతికే ఉంది. బోల్టన్ ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో పుట్టినవాడు, రేడియో ఖగోళశాస్త్రానికి పునాదులు వేసిన కొద్దిమందిలో ఒకడు. నాసాతో ఒప్పందం ఎన్ని పేజీలు ఉండాలని అడిగితే, అపోలో 11కి తోడ్పడతాం అన్న ఒక్క వాక్యం చాలన్నాడట. మన దగ్గర టెండర్ పత్రాలు చూసినవాళ్ళు ఈ సంగతి విని ఒకసారి నిట్టూరుస్తారు.

నాసా మనిషి కూడా సినిమాలో ఒక్కడే. నిజంలో ఒక బృందమే వచ్చింది. కథకు ఒక్కడు చాలు, నాకు అభ్యంతరం లేదు. ఆ ఒక్కడు మొదట బిగుసుకుపోయి, మెల్లగా వీళ్ళలో కలిసిపోవడం బాగా రాశారు. సినిమాలో వాళ్ళు డిష్ గిన్నెలో క్రికెట్ ఆడడం గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ, అడిగినవాళ్ళందరికీ నా జవాబు ఒకటే. నా డిష్‌లో ఎవడైనా బూట్లేసుకుని దిగితే వాడి బంతి వాడికి తిరిగి దొరకదు. ఉపరితలం మిల్లీమీటర్ల కొలతలో సరిగ్గా ఉండాలి మరి.

సినిమావాళ్ళు వదిలేసిన ఇంకో నిజం పాత్ర ఉంది. నాకు చేతనైతే ఆ పాత్ర చుట్టూనే సినిమా తీసేవాణ్ణి. నడక జరుగుతున్నంతసేపూ డిష్‌ని నడిపింది నీల్ మేసన్ అనే ఆపరేటర్. టీవీ తెర అతని వెనకాల ఉంది. గాలి మళ్ళీ ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టి డయళ్ళ మీంచి చూపు తిప్పకూడదని ఆదేశం. గదిలో అందరూ తెర చూస్తున్నారు. ప్రపంచానికి చంద్రుణ్ణి చూపిస్తున్నవాడు మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే బొమ్మ ప్రయాణం కూడా చెప్పండి, సినిమాలో ఇది దాదాపు లేదు. చంద్రుడి మీది కెమెరా సెకనుకు పదే ఫ్రేములు పంపేది, ఒక్కో ఫ్రేములో 320 గీతలు. ఇళ్ళలో టీవీలు దాన్ని చూపించలేవు. పార్క్స్‌లో పట్టిన సిగ్నల్ మైక్రోవేవ్ లింకుల మీద సిడ్నీకి వెళ్ళేది. అక్కడ ఆ బొమ్మను ఒక తెర మీద వేసి, దాన్ని మామూలు టీవీ కెమెరాతో మళ్ళీ తీసేవాళ్ళు! మార్పిడి యంత్రం అంటే అదే. హనీసకిల్‌ది, పార్క్స్‌ది పక్కపక్కన చూసి ఏది బాగుంటే అది హ్యూస్టన్‌కి పంపే మనిషి కూడా సిడ్నీలోనే కూర్చున్నాడు. అక్కణ్ణించి మోరీ భూకేంద్రం, పసిఫిక్ మీదున్న ఉపగ్రహం, అమెరికా. అమెరికాలో దాన్ని మళ్ళీ ప్రపంచానికి పంచారు. ఆస్ట్రేలియా టీవీకి మాత్రం సిడ్నీ నుంచే నేరుగా ఇచ్చేశారు. అందుకే ఆ నడకను మిగతా ప్రపంచం కంటే రెప్పపాటు ముందు చూసింది ఆస్ట్రేలియావాళ్ళు.

ఇన్ని మార్పిళ్ళలో బొమ్మ చాలా చెడిపోయింది. పార్క్స్, హనీసకిల్ కేంద్రాల్లో మానిటర్ల ముందున్నవాళ్ళు చూసిన బొమ్మ మనందరం చూసినదానికంటే ఎంతో తేటగా ఉండేది. ఆ అసలు సిగ్నల్‌ని టేపుల మీద రికార్డు చేశారు. తర్వాత వాటి కోసం ఏళ్ళ తరబడి వెతికారు. టేపుల కొరతలో వాటిని చెరిపి మళ్ళీ వాడేసి ఉంటారని 2009లో నాసా తేల్చింది. ఇప్పుడు మనం చూసే మెరుగైన వీడియో, టీవీ ప్రసారాల కాపీలను ఏరి శుభ్రం చేసినది.

మనవైపు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఆ అడుగు పడింది మన గడియారం ప్రకారం సోమవారం ఉదయం 8:26కి. మనకింకా చంద్రోదయం కాలేదు. టీవీ ఢిల్లీలో తప్ప ఎక్కడా లేదు, హైదరాబాద్‌కి దూరదర్శన్ వచ్చింది 1977లో. తెలుగువాళ్ళు ఆ అడుగును చూడలేదు, విన్నారు, మర్నాడు పేపర్లో చదివారు. పార్క్స్ డిష్ ఉన్న ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓతో మనకి ఇంకో చుట్టరికం ఉంది. మన రేడియో ఖగోళశాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ 1950ల్లో సిడ్నీలో ఆ సంస్థలోనే పని నేర్చుకున్నారు. అక్కడ పక్కన పెట్టేసిన చిన్న చిన్న డిష్‌లు ముప్పై రెండింటిని మన దేశానికి ఇప్పించారు. 1965లో బొంబాయి దగ్గర కల్యాణ్‌లో వాటితో రేడియో టెలిస్కోప్ కట్టారు. పుణె దగ్గరున్న పెద్ద రేడియో టెలిస్కోప్‌కి దారి అక్కడే మొదలైంది.

ఇక సినిమా అబ్బాయికి ఎలా చూపించాలి? ముందు సినిమా మొత్తం ఏమీ చెప్పకుండా చూడనివ్వండి. మధ్యలో ఆపి ‘ఇది తప్పు, అది తప్పు’ అన్నారంటే వాడు లేచి వెళ్ళిపోతాడు, వాడి తప్పేం లేదు. హాస్యం సున్నితం. ఎవరినీ వెటకారం చెయ్యదు. ఊరివాళ్ళ గొప్పల్ని చూసి నవ్విస్తూనే ఆ గొప్పలకు గౌరవం ఇస్తుంది. సినిమాలో ఊరి సీన్లు చాలావరకు పక్కనున్న ఫోర్బ్స్‌లో తీశారు, ఆ ఊరు 1969లా కనబడుతుందని. డిష్ మాత్రం నిజమైనదే. దాన్ని కదిలిస్తూ తీసిన షాట్లు చూస్తే అంత బరువు ఎంత నింపాదిగా తిరుగుతుందో తెలుస్తుంది. ఆ షాట్ల కోసమైనా పెద్ద తెర మీద చూడండి.

సినిమా అయ్యాక, పార్క్స్ కథలో ఇంకో కామెడీ ఉందని చెప్పండి. ఆ డిష్ ఇప్పటికీ పనిచేస్తోంది, పల్సార్లు, అంటే తాళం వేసినట్టు రేడియో సిగ్నళ్ళు పంపే నక్షత్రాలు, చాలా పట్టింది. కొన్నేళ్ళపాటు దానికి అప్పుడప్పుడు అంతుచిక్కని రేడియో మెరుపులు దొరికేవి. అంతరిక్షం నుంచి కాదని అనుమానం, కానీ ఎక్కణ్ణించో తెలియదు. చివరికి 2015లో తేలింది. కేంద్రంలో ఎవరో మైక్రోవేవ్ ఓవెన్ టైమర్ పూర్తికాకముందే తలుపు తీస్తున్నారు! ఇది సినిమా రచయితలు రాసి ఉంటే అతిశయోక్తి అనేవాళ్ళం.

ఆ తర్వాత యూట్యూబ్‌లో అపోలో 11 అసలు ప్రసారం మొదటి పదిహేను నిమిషాలు పెట్టండి. 2009లో శుభ్రం చేసినది కాకుండా, ఆ రోజు టీవీలో వెళ్ళినది వెతకండి. మొదట తలకిందులు బొమ్మ వస్తుంది, అది గోల్డ్‌స్టోన్. నిలబడ్డాక నల్లగా ముద్దకట్టి ఉంటుంది, అదీ గోల్డ్‌స్టోనే. నిచ్చెన, కాలు కాస్త పోల్చుకునేలా కనబడితే హనీసకిల్. కొన్ని నిమిషాలకు బొమ్మ ఉన్నట్టుండి తేటపడే చోట పాజ్ చేసి, పార్క్స్ వచ్చింది ఇప్పుడేనని చూపించండి. బొమ్మ మారే చోట్లన్నీ వాడినే పట్టుకోమనండి. నాలుగోసారి చూసేటప్పటికి మీ సాయం లేకుండానే పట్టేస్తాడు.